తల్లిని చూపించని కుక్కపిల్ల

"బావా, లాబ్‌కీ పామ్‌కీ మిక్స్ అంట, 12 వేలు చెప్తున్నాడు, గట్టిగా అడిగితే 10కి ఇచ్చేలా ఉన్నాడు, రేపు ఒకసారి వస్తావా?" అని మా బావమరిది ఫోన్ చేస్తే నాకు ముందు నవ్వొచ్చింది. లాబ్ (లాబ్రడార్) అంటే ముప్ఫై కిలోల శాల్తీ, పామ్ (పామరేనియన్) చంకలో పట్టేస్తుంది. ఈ సంబంధం ఎవరు కుదిర్చారో, ఇందులో పెళ్లికూతురు ఎవరో తెలుసుకోవాలనిపించి సరే వస్తానన్నాను. పెళ్లికూతురు పామ్ అయితే మాత్రం అది నవ్వే విషయం కాదు. చిన్న కుక్కకి పెద్ద కుక్కతో క్రాసింగ్ చేయిస్తే కడుపులో పిల్లలు పెద్దవై కాన్పు అడ్డం తిరగొచ్చు, ఆపరేషన్ చేస్తే తప్ప తల్లి బతకని పరిస్థితి రావచ్చు.

అమ్మే అతను నాగోల్‌లో మెట్రో పిల్లర్ దగ్గర కలుద్దామన్నాడు. ఇంటికే వస్తామంటే "దూరం సార్, మీకెందుకు శ్రమ" అన్నాడు. స్కూటీ ముందు అట్టపెట్టె, అందులో పాత టవల్, టవల్ మీద గోధుమరంగు పిల్ల. మావాడు చేతుల్లోకి తీసుకోగానే అది అతని చొక్కా బొత్తాం నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది, ఇక అతను ఈ లోకంలో లేడు. ఎన్నాళ్ల పిల్ల అని అడిగాను. "45 డేస్ సార్, పక్కా." మరి తల్లి? "మదర్ ఊళ్లో ఉంది సార్" అంటూ ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. నాపరాళ్ల గచ్చు మీద ఎండలో పడుకున్న తెల్ల కుక్క, కుడి చెవి కొసన కాఫీరంగు మచ్చ, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, చన్నులు గచ్చుకి ఆనుతున్నాయి. వ్యాక్సిన్ కార్డు కూడా ఇచ్చాడు. అందులో ఒక స్టిక్కర్ ఉంది గానీ తేదీ లేదు, డాక్టర్ సంతకం లేదు.

పిల్ల పై పెదవి ఎత్తి చూశాను. ఈ విద్య మాకు తెలిసిన డాక్టరమ్మ నేర్పింది. కుక్కపిల్లలకి మూడు నాలుగు వారాలప్పుడు కోరపళ్లు పొడుచుకొస్తాయి, తర్వాత ముందు పళ్లు, ఎనిమిది వారాలు నిండేసరికి పాలపళ్లు 28 కూడా వచ్చేస్తాయి. దీనికి కోరలు అప్పుడే చిగుళ్లు చీల్చుకుంటున్నాయి, ముందు పళ్ల జాడే లేదు. నెల పిల్ల కూడా అవునో కాదో. కొనకుండా వచ్చేశాం. దారి పొడుగునా మావాడు నాతో మాట్లాడలేదు, ఉప్పల్ దాటాక మాత్రం ఒకటే మాట అన్నాడు: "నువ్వు వద్దంటే ఇంకొకడు కొంటాడు బావా, మనం పెద్ద నీతిమంతులం అయ్యాం, ఆ పిల్లకి ఏం ఒరిగింది?"

ఆ ప్రశ్నకి అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. చాలా రోజులు దాని గురించి ఆలోచించి, తెలిసిన వాళ్లని అడిగి, చదివి, నాకు అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

మిక్స్ అనే మాట కింద మన దగ్గర కనీసం మూడు వేర్వేరు సరుకులు అమ్ముడుపోతున్నాయి, చర్చ తప్పుదారి పట్టేది ముందు ఇక్కడే. పక్కింటి లాబ్ ఎదకొచ్చినప్పుడు గేటు తీసి ఉంది, వీధిలో కాలూ గాడు లోపలికొచ్చాడు, రెండు నెలలకి ఆరు పిల్లలు. ఇది అనుకోకుండా జరిగింది. రెండోది, ఇది మిక్స్ అని చెప్పకుండా ప్యూర్ అని అమ్మేది. పామ్ అని మనం దశాబ్దాలుగా పెంచుకుంటున్న తెల్ల కుక్కల్లో ఎక్కువ భాగం అసలు పామరేనియన్లే కావు, ఇండియన్ స్పిట్జ్‌లు, వాటిలోనూ ఏది ఎంత కలిసిందో ఎవరికీ తెలియదు. పొడుగు బొచ్చుండే చిన్న జాతులు షీట్జూ, లాసా రెండూ కలిపేసి ఆ రోజు ఏది అడిగితే అది అంటారు. మూడోది, కావాలని రెండు జాతుల్ని కలిపి, దానికో ముద్దుపేరు పెట్టి, ప్యూర్ కంటే ఎక్కువ ధర చెప్పేది. డూడుల్ (పూడిల్ అనే జాతితో కలిపింది) అనో, పొమ్‌స్కీ (పామ్‌ని హస్కీతో కలిపింది) అనో. "బ్రీడర్ దగ్గర మిక్స్ కొనడం తప్పా" అని అడిగితే ఈ మూడింటిలో దేని గురించి అడుగుతున్నారో తేలాలి కదా.

అసలు కలపడమే తప్పు అనేవాళ్లు ఉన్నారు, ముఖ్యంగా కెన్నెల్ క్లబ్ (జాతి కుక్కల్ని నమోదు చేసే సంఘం) షోలకి వెళ్లేవాళ్లు. నాకు అది నచ్చదు. మన ఊళ్లల్లో జెర్సీ క్రాస్ ఆవుని ఎవరూ చిన్నచూపు చూడరు, ఎందుకు క్రాస్ చేశారంటే పాల కోసం అని పిల్లాడు కూడా చెప్తాడు. కుక్కల్లోనూ అలాంటి ఉదాహరణ ఒకటి ఉంది. ఒంటినిండా నల్లచుక్కలుండే డాల్మేషియన్లకి జాతి మొత్తానికీ ఒక జన్యులోపం ఉండేది, మూత్రంలో యూరిక్ యాసిడ్ పేరుకుని రాళ్లు కట్టేవి. ప్యూర్ డాల్మేషియన్లలో లోపంలేని జన్యువు ఎవరి దగ్గరా మిగల్లేదు కాబట్టి ఎంత జాగ్రత్తగా జతకట్టినా అది పోదు. 1973లో అమెరికాలో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక డాల్మేషియన్‌ని పాయింటర్ జాతి కుక్కతో క్రాస్ చేసి, ఆ పిల్లల్ని మళ్లీ మళ్లీ డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చాడు. చుక్కలు అలాగే ఉన్నాయి, లోపం పోయింది. వీటిని అమెరికన్ కెన్నెల్ క్లబ్ పుస్తకంలోకి ఎక్కించడానికి 2011 వరకు పట్టింది! జాతి శుద్ధి పేరుతో రాళ్లజబ్బుని దాదాపు నలభై ఏళ్లు కాపాడుకున్నారన్నమాట. ముక్కు లోపలికి నొక్కుకుపోయి మన ఎండాకాలంలో ఊపిరాడక గురక పెట్టే పగ్‌ల సంగతి ఎత్తితే ఈ వ్యాసం ఇప్పట్లో అవ్వదు.

కాబట్టి కలపడంలో పాపం ఏమీ లేదు. దేనికోసం కలిపారు, కలిపేముందు ఏం పరీక్షించారు అన్నదే ప్రశ్న. అమ్మేవాళ్లు దీనికి తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటుంది: "మిక్స్ స్ట్రాంగ్ సార్, జబ్బులు రావు."

ఇందులో సగం నిజం ఉంది, ఆ సగంతోనే మోసం జరుగుతుంది. రెండు జాతుల్లో వేర్వేరు లోపాలుంటే, ఆ లోపం బయటపడడానికి తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా రావాల్సిన రకమైతే, క్రాస్ పిల్లలో అది దాగిపోతుంది. కానీ లోపం రెండు జాతుల్లోనూ ఉంటే? లాబ్‌కీ గోల్డెన్ రిట్రీవర్‌కీ ఇద్దరికీ తుంటి కీలు సరిగా కుదరక అరిగే జబ్బు ఉంది, ఆ రెండింటినీ కలిపితే ఆ తుంటి ఎక్కడికి పోతుంది? కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీ వాళ్లు 27 వేల పైచిలుకు కుక్కల ఆసుపత్రి రికార్డులు తీసి 24 వంశపారంపర్య జబ్బుల్ని పోల్చి 2013లో ప్రచురించారు. పది జబ్బులు ప్యూర్ వాటిలో ఎక్కువ, ఒకటి మిక్స్‌లో ఎక్కువ, మిగిలిన 13లో తేడా లేదు. డూడుల్ రకాల మీద లండన్ రాయల్ వెటర్నరీ కాలేజ్ వాళ్లు 2024లో చేసిన పోలిక ఇంకా సూటిగా ఉంది. మూడు రకాల డూడుల్స్‌ని వాటి తల్లిదండ్రుల జాతులతో 57 జబ్బుల విషయంలో పోలిస్తే 86 శాతానికి పైగా పోలికల్లో ఏ తేడా లేదు. అంటే మరీ ఎక్కువ జబ్బు మనుషులు కాదు, మరీ గట్టి పిండాలూ కాదు. స్ట్రాంగ్ అని చెప్పి ఎక్కువ డబ్బు తీసుకోవడానికి మాత్రం ఆధారం లేదు.

ఇంకో సంగతి రైతులకి చెప్పక్కర్లేదు, సిటీవాళ్లకి చెప్పాలి. హైబ్రిడ్ మిరప కాయల్లోంచి గింజలు తీసి మళ్లీ నారు పోస్తే ఏమవుతుంది? ఒక మొక్క పొట్టి, ఒకటి పొడుగు, కాయకీ కాయకీ పొంతనుండదు. విత్తన కంపెనీవాళ్లు తల్లి మొక్కల వరసల్ని తరాల తరబడి ఒకే తీరుకి తెస్తారు కాబట్టి మొదటి తరమైనా ఏకరూపంగా వస్తుంది. కుక్క జాతులు అంత ఏకరూపంగా ఉండవు, అందుకని మొదటి క్రాస్‌లోనే ఒకే ఈత పిల్లలు నాలుగు తీర్లుగా ఉంటాయి. "బొచ్చు రాలదు, పామ్ అంత సైజులోనే ఉంటుంది, లాబ్ లాగా మెత్తగా ఉంటుంది" అని ముందే చెప్పేవాడు జ్యోతిషం చెప్తున్నట్టే లెక్క.

డూడుల్ కథ ఎక్కడ మొదలైందో తెలిస్తే ఈ జ్యోతిషం ఎలా పుట్టిందో అర్థమవుతుంది. 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో చూపులేనివాళ్లకి గైడ్ డాగ్స్ తయారుచేసే సంస్థలో వాలీ కాన్రన్ అనే ఆయన పనిచేసేవాడు. హవాయి నుంచి ఒక అంధురాలు ఉత్తరం రాసింది, ఆమెకి గైడ్ డాగ్ కావాలి, భర్తకి కుక్క బొచ్చు పడదు. ఆయన బొచ్చు తక్కువ రాలే పూడిల్స్‌ని ఒకదాని తర్వాత ఒకటి పరీక్షించి చూశాడు, గైడ్ పనికి ఒక్కటీ పనికిరాలేదు. చివరికి లాబ్‌కీ పూడిల్‌కీ క్రాస్ చేయిస్తే మూడు పిల్లలు పుట్టాయి, ఆ భర్తకి పడింది వాటిలో ఒక్కటే. మిగిలినవాటిని క్రాస్ పిల్లలని ఎవరూ పెంచడానికి ముందుకు రాలేదు. అప్పుడు "లాబ్రడూడుల్" అని పేరు కట్టి కొత్త జాతి వచ్చిందని ప్రచారం చేస్తే ఫోన్లు ఆగలేదట. కుక్క అదే, మారింది పేరొక్కటే. తర్వాత ఊరూరా జనం ఏది దొరికితే దానితో పూడిల్‌ని కలిపి అమ్మడం చూసి, ఇది నేను చేయకుండా ఉండాల్సిందని 2019లో ఆయనే చెప్పుకున్నాడు.

ఆ అలర్జీ సంగతి కూడా చూడండి. మనకి పడనిది బొచ్చు కాదు, కుక్క లాలాజలంలోనూ చర్మం పొట్టులోనూ ఉండే ప్రొటీన్. నెదర్లాండ్స్‌లో 2012లో కొలిస్తే, అలర్జీ రాదని పేరుపడ్డ జాతుల బొచ్చులో ఆ ప్రొటీన్ తక్కువేం లేదు, మామూలు వాటికంటే ఎక్కువే ఉంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు వేల డాలర్లు పోసి గోల్డెన్‌డూడుల్ తెచ్చుకునేది ఎక్కువగా ఈ నమ్మకంతోనే, దానికితోడు పూజగదిలో బొచ్చు రాలకూడదని అత్తగారి షరతు. బొచ్చు తక్కువ రాలే పిల్ల రావచ్చు, రాకపోవచ్చు. రాలకుండా అంటిపెట్టుకున్న బొచ్చు జడలు కడుతుంది, రోజూ దువ్వకపోతే చర్మం పుండవుతుంది, ఇది మాత్రం అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు.

ఇప్పుడు మా బావమరిది ప్రశ్నకి వస్తాను. మనం ఇచ్చే 10 వేలు దేనికి? చేతిలో ఉన్న పిల్ల ఇప్పటికే పుట్టింది, దాని ఖర్చు ఇప్పటికే అయిపోయింది, మన డబ్బుతో దానికి కొత్తగా జరిగేది ఇల్లు మారడం ఒక్కటే. ఆ డబ్బు అమ్మేవాడికి చెప్పే కబురు వేరు: ఇలాంటివి అమ్ముడుపోతున్నాయి, ఇంకో ఈత వేయించు. అంటే మనం కొంటున్నది తర్వాతి ఈతని. దాని భారం మోసేది ఫొటోలో ఎముకలు తేలిన ఆ తెల్ల కుక్క. దాని చావుబతుకుల సంగతి మన బేరంలో ఎక్కడా రాదు, ఎందుకంటే అది "ఊళ్లో ఉంది".

ఆ 45 రోజుల లెక్క కూడా తల్లి దగ్గరికే వస్తుంది. హైదరాబాద్‌లో, విజయవాడలో, వైజాగ్‌లో ఎక్కడ అడిగినా 45 డేస్ అనే అంటారు, అదేదో శాస్త్రంలో ఉన్నట్టు. మన దేశంలో కుక్కల బ్రీడింగ్ మీద 2017లో వచ్చిన రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లని అమ్మకూడదు. మరి 45 ఎక్కడిది? ఆ వయసుకి పిల్ల పాలు మానేసి తిండి తినడం మొదలుపెడుతుంది, ఆరు పిల్లలుంటే తిండి ఖర్చు రోజురోజుకీ పెరుగుతుంది, టీకాల ఖర్చు మొదలవుతుంది, పైగా పిల్ల అరచేతిలో పట్టే ముద్దు సైజు కూడా అప్పుడే. అమ్మేవాడికి అన్నీ కలిసొచ్చే రోజు అది. పిల్లకి మాత్రం అన్నీ విడిపోయే రోజు. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ తగ్గుతూ ఉంటుంది, టీకా రక్షణ ఇంకా నిలబడదు, పేగుల్ని పాడుచేసే పార్వో వైరస్ దూరేది ఈ సందులోనే. తోబుట్టువులతో కొట్లాడుతూ, ఎంత గట్టిగా కొరికితే అవతలివాడు కుయ్యిమంటాడో నేర్చుకునేది కూడా ఈ వారాల్లోనే.

నేను నీతులు చెప్పేంత శుభ్రంగా లేను. 2009లో నేనూ ఇలాగే ఒక స్పిట్జ్ మిక్స్ తెచ్చుకున్నాను, రోడ్డు పక్క బుట్టలోంచి. మూడో రోజుకి తిండి మానేసింది, నాలుగో రోజు రక్తవిరేచనాలు, సెలైన్ ఎక్కించినా ఆరో రోజు తెల్లవారుజామున పోయింది. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "మేం ఇచ్చినప్పుడు బానే ఉంది సార్" అన్నాడు. పార్వో ఒంట్లోకి దూరాక లక్షణాలు బయటపడడానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది, అంటే అది బుట్టలోంచే వెంట వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. అతను ఇంకోటి సగం ధరకి ఇస్తానన్నాడు. తీసుకోలేదు, కానీ ఒక రోజంతా తీసుకుందామా అని ఆలోచించిన మాట నిజం.

అదే 2017 రూల్స్‌లో ఇంకా ఉన్నాయి. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి, ఆడకుక్కకి 18 నెలలు నిండాకే క్రాసింగ్, ఏడాదికి ఒక ఈత, జీవితం మొత్తంలో ఐదు, ఎనిమిదేళ్లు దాటాక వద్దు. కాగితం మీద చదివితే ముచ్చటేస్తుంది. ఈ రూల్స్‌కి తల్లి లాంటి జంతుహింస నిరోధక చట్టం 1960 నాటిది, అందులో హింసకి మొదటి తప్పు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. పార్కింగ్ టికెట్ కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఇంగ్లండ్‌లో వాళ్లు దీన్ని వేరే వైపు నుంచి పట్టుకున్నారు. 2020 ఏప్రిల్ నుంచి అక్కడ ఆరు నెలల్లోపు పిల్లల్ని దళారులూ దుకాణాలూ అమ్మకూడదు, పెంచినవాడే అమ్మాలి, పుట్టినచోటే తల్లితో కలిపి చూపించాలి. దాన్ని లూసీ చట్టం అంటారు. లూసీ ఒక స్పానియల్, పిల్లల ఫ్యాక్టరీలాంటి చోట ఈతల మీద ఈతలు వేసి వేసి తుంటి కదలని స్థితిలో బయటపడ్డ కుక్క. అమెరికాలో కాలిఫోర్నియా 2019లో, న్యూయార్క్ 2024 డిసెంబర్‌లో పెట్ షాపుల్లో కుక్కపిల్లల అమ్మకం ఆపించాయి, కానీ నాలుగు వరకు ఆడకుక్కలు పెట్టుకుని తన ఇంట్లో పుట్టిన పిల్లల్నే అమ్ముకునేవాడికి కేంద్ర లైసెన్స్ అక్కర్లేదు, కాబట్టి అక్కడున్న మనవాళ్లూ తల్లిని చూడడం తప్పదు.

"అడాప్ట్ చేసుకో, కొనకు" అనే నినాదం గురించి కూడా ఒక మాట. అది అమెరికాలో పుట్టింది, అక్కడ షెల్టర్లో చోటు లేక ఆరోగ్యంగా ఉన్న కుక్కల్ని కూడా చంపేస్తారు, కాబట్టి ఒకటి కొంటే అక్కడ ఒకటి చచ్చినట్టే అనే లెక్క కొంతవరకు నిలబడుతుంది. మన దగ్గర ఆ లెక్క అంత నేరుగా నడవదు. మన ఏబీసీ (జంతువుల జనన నియంత్రణ) రూల్స్ ప్రకారం వీధికుక్కని పట్టుకుని, ఆపరేషన్ చేసి, టీకా వేయాలే గానీ ఎక్కువై పోయాయని చంపకూడదు. నేను మిక్స్ కొన్నంతమాత్రాన మా వీధి కుక్క చావదు, అది ఎప్పట్లా కిరాణా కొట్టు మెట్ల మీదే పడుకుంటుంది. మన దగ్గర ముడి ఇంకోచోట పడుతుంది. మోజు తీరాక, సైజు పెరిగాక, ఇల్లు మారాక రోడ్డున వదిలేసిన మిక్స్‌లకి వీధిలో బతకడం రాదు, ఆపరేషన్ చేయించలేదు కాబట్టి పిల్లల్ని పెట్టడం మాత్రం వస్తుంది. వాటి పిల్లల్ని మునిసిపాలిటీ బండి వెతుక్కుంటుంది. మిక్స్ కావాలనుకునేవాళ్లకి ఆ మునిసిపాలిటీ లెక్కల్లో ఉన్నవన్నీ మిక్సులే, అదీ ఉచితంగా, అని నేనంటే మావాడు "నీకు ప్రతిదానికీ వెటకారం" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాను.

పక్కింటి లాబ్ అనుకోకుండా పెట్టిన పిల్లల విషయం వేరు. అక్కడ తల్లి కళ్లెదుట ఉంటుంది, పళ్లు చూడక్కర్లేకుండా పుట్టినరోజు తెలుసు. టీకాల ఖర్చుకని రెండు వేలు అడిగితే ఇవ్వడంలో నాకు తప్పు కనిపించదు. తల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తున్నారా అని మాత్రం అడుగుతాను. "ఇంకోసారి చూద్దాంలెండి, పిల్లలు బాగా పోయాయి" అన్నారంటే ఇక అది అనుకోకుండా జరిగింది కాదు, పక్కింట్లో ఒక బ్రీడర్ తయారవుతున్నాడు.

మరి కావాలనే క్రాస్ చేసి, పద్ధతిగా అమ్మేవాడు ఉండడా? ఉండొచ్చు. అతను తల్లిదండ్రులిద్దరి తుంటి ఎక్స్‌రేలు, కంటి పరీక్షలు చూపిస్తాడు, ఎందుకు ఈ రెండిటినే కలిపాడో చెప్తాడు, మీరు పెంచలేకపోతే ఎన్నేళ్ల తర్వాతైనా వెనక్కి తీసుకుంటానని రాసిస్తాడు, మిమ్మల్ని కూడా నాలుగు ప్రశ్నలు అడుగుతాడు, మూడో అంతస్తు ఫ్లాట్‌లో పగలంతా ఎవరూ ఉండరంటే ఇవ్వను పొమ్మంటాడు. అలాంటివాడి దగ్గర మిక్స్ కొనడం, కాగితాలున్నాయన్న ఒక్క కారణంతో ఎవరి దగ్గరో ప్యూర్ కొనడం కంటే నా దృష్టిలో మేలు. కెన్నెల్ క్లబ్ కాగితం అమ్మానాన్నలెవరో చెప్తుంది గానీ వాళ్ల తుంటి ఎలా ఉందో చెప్పదు. అయితే ఇన్ని పరీక్షలు చేయించినవాడు 10 వేలకి, మెట్రో పిల్లర్ దగ్గర ఇవ్వలేడు, గిట్టదు.

మావాడు ఆ తర్వాత మూడు వారాలు అలిగి, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గది వెనక పుట్టిన నల్ల ఊరకుక్క పిల్లని తీసుకెళ్లాడు. దానికి బ్రౌనీ అని పేరు పెట్టాడు, ఎందుకో తెలీదు. మొన్న, అంటే ఆ నాగోల్ బేరం జరిగిన ఏడు నెలలకి, అతనికి ఒక వాట్సాప్ మెసేజ్ వచ్చింది. "సర్ న్యూ లిట్టర్ రెడీ. సేమ్ పేరెంట్స్. ఈసారి గోల్డెన్ కలర్. 45 డేస్." కింద తల్లి ఫొటో, ఈసారి కొత్తది. గచ్చు అదే. కుడి చెవి కొసన కాఫీరంగు మచ్చ. మావాడు "తల్లిని చూడాలి, ఒకసారి వీడియో కాల్ చేస్తారా" అని పెట్టాడు. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇప్పటికి పదకొండు రోజులైంది.